పురుగులను ప్రశ్నించిన బడిపంతులు - జీన్ హెన్రీ ఫాబ్ర్

ప్రయోగశాల అనదగిన గది లేకుండా, విశ్వవిద్యాలయంలో స్థానం లేకుండా, బడిపంతులు జీతంతో పెద్ద సంసారాన్ని ఈదుకుంటూ, కీటకాల నడవడిని గురించి లోకం అంతవరకు ఎరుగని సంగతులను వెలికితీసిన మహనీయుడు జీన్ హెన్రీ ఫాబ్ర్. ఆయన పరికరాలు ఇనుపవల గంపలు, గాజుగిన్నెలు, పూలకుండీలు, ఒక భూతద్దం. ఆయన పద్ధతి కూడా అంత నిరాడంబరమైనదే. పురుగు సహజంగా చేసే పనిని ముందు ఓపికగా చూడటం, తరువాత దాని పరిసరాలలో ఏదో ఒక్క అంశాన్ని మార్చి, ఆ మార్పునకు అది ఏమి చేస్తుందో కనిపెట్టడం. ఈ రెండవ మెట్టు ఎక్కినవారు ఆయనకు పూర్వం బహు కొద్దిమంది.

ఫాబ్ర్ 1823 డిసెంబరులో ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగంలోని సెయింట్ లియోన్స్ అనే కొండపల్లెలో నిరుపేద కుటుంబంలో జన్మించారు. మరొక బిడ్డను సాకవలసివచ్చిన తల్లి ఆయనను పసితనంలోనే తాత ఇంటికి పంపింది. ఆవులు, గొర్రెలు, పొదలు, మంచుగాలి తప్ప వేరేమీ లేని ఆ మెట్ట పొలాలలోనే పురుగుల మీద మక్కువ అంకురించింది. ఏడవ ఏట స్వగ్రామానికి తిరిగివచ్చి వీధిబడిలో చేరారు. ఆ బడి పంతులే ఊరికి మంగలి, గుడిగంట మోగించేవాడు కూడా. తలుపు తెరిస్తే పందిపిల్లలూ కోడిపిల్లలూ తరగతిలోకి వచ్చేవి. అక్షరాలు ఒంటపట్టింది మాత్రం తండ్రి పట్నం నుండి తెచ్చిన జంతువుల బొమ్మల కాగితంతోనే.

తండ్రి కొంత కాలం పట్టణాలలో కాఫీ అంగడి నడిపి, నష్టపోయి, ఊరూరా తిరిగారు. చదువు మధ్యలో ఆగింది. పదిహేనేళ్ళ ప్రాయంలో ఫాబ్ర్ సంతలో నిమ్మకాయలు అమ్మారు, రైలుమార్గం వేసేచోట కూలిపని చేశారు. ఆకలితో ఉన్న రోజుల్లో కూడా చేతిలో మిగిలిన చిల్లరతో కవిత్వపు పుస్తకం కొన్నట్లు ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. అవిన్యోన్ పట్టణంలోని ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల ప్రవేశ పరీక్షలో నెగ్గి విద్యార్థివేతనం సంపాదించడంతో ఆ దుర్దశ తీరింది. 1842లో, ఇంకా పందొమ్మిదేళ్ళు నిండకుండానే, కార్పెంత్రా పట్టణంలో ప్రాథమికోపాధ్యాయులుగా చేరారు. ఏడాదికి 700 ఫ్రాంకుల జీతం. తడిసిన నేలగది తరగతి, కిక్కిరిసిన పిల్లలు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటన జరిగింది ఈ కాలంలోనే. క్షేత్రమితి పాఠాన్ని నల్లబల్ల మీద చెప్పడం ఆయనకు రుచించేది కాదు. వేసవి రాగానే వారానికొకసారి పిల్లలను ఊరి వెలుపలి రాతిబీడులోకి తీసుకొనిపోయి కొలతలు నేర్పేవారు. ఒకనాడు గుంజ పాతడానికి పంపిన పిల్లవాడు నడుమనే ఆగి, వంగి, ఏదో వెదుకుతూ ఉండిపోయాడు. మరొకడు గులకరాయిని చేతపట్టుకొని కొలతగొలుసు సంగతే మరచిపోయాడు. విచారించగా, ఆ రాళ్ళపై నల్లని తేనెటీగ ఒకటి మట్టితో గూళ్ళు కట్టుతుందనీ, గడ్డిపరకతో ఆ గూళ్ళలోని తేనె పీల్చుకోవచ్చుననీ పిల్లలందరికీ తెలుసు, పంతులుగారికి మాత్రమే తెలియదు! కోపగించుకొనేందుకు కావలసినంత కారణమున్నా, ఆయన వారితోపాటు కూర్చుండి గడ్డిపరక అందుకున్నారు. ఆ ఈగ పేరు, దాని చరిత్ర తెలుసుకోవాలన్న ఆరాటం పుట్టింది. పట్టణంలోని పుస్తకాల దుకాణంలో కీటకాల గ్రంథమొకటి ఉంది. దాని వెల నెల జీతమంత. ఫాబ్ర్ దానిని కొన్నారు. ఆ నెల ఇంటివారు ఎట్లా గడుపుకున్నారో తెలియదు గాని, ఆ పుస్తకాన్ని ఆయన మొదటి పుట నుండి చివరి పుట వరకు కంఠస్థమయ్యేటట్లు చదివారు.

1844లో మేరీ విలార్‌ను పెండ్లాడారు. పగలు బడి, రాత్రి స్వయంకృషితో గణితం, భౌతికశాస్త్రం. బోధించేవారెవరూ లేకుండానే రెండింటిలోనూ విశ్వవిద్యాలయ పట్టాలు పొందారు. 1849లో కోర్సికా దీవిలోని అజాసియో పాఠశాలకు భౌతికశాస్త్రోపాధ్యాయులుగా వెళ్ళారు. అక్కడికి వచ్చిన మొకాఁ తాందాఁ అనే ప్రకృతిశాస్త్ర ఆచార్యులు నీళ్ళపళ్ళెంలో నత్తను ఉంచి, ఇంటివారి కుట్టుసూదులతో దాని అంగాంగాలను విప్పి చూపించారు. గణితం మానుకొని జీవుల వైపు రమ్మని ఆయన ఇచ్చిన సలహా ఫాబ్ర్ మనసులో నాటుకుంది. జ్వరాల వల్ల దీవిని విడిచి 1853లో అవిన్యోన్ ఉన్నత పాఠశాలకు చేరారు.

అక్కడ ఒక శీతాకాలపు రాత్రి, పొయ్యి పక్కన కూర్చుండి లెయోఁ ద్యుఫూర్ అనే వైద్యుడు రాసిన వ్యాసం చదివారు. సెర్సెరిస్ జాతి కందిరీగ తన పిల్లల కోసం పెంకుపురుగులను నేలగూటిలో నిలువచేస్తుంది. ఆ పురుగులు వారాలు గడచినా కుళ్ళవు. చంపేటప్పుడు కందిరీగ కుళ్ళకుండా కాపాడే మందేదో ఎక్కిస్తుందని ద్యుఫూర్ ఊహించారు. ఫాబ్ర్ ఆ ఊహను నేలమీద పరీక్షించారు. అదే జాతికి చెందిన మరొక కందిరీగ గూళ్ళ నుండి ముక్కుపురుగులను తీసి చూస్తే అవి చావలేదు. కదలలేని స్థితిలో బ్రతికే ఉన్నాయి. విద్యుత్తు తగిలిస్తే కాళ్ళు కదిలించాయి. కందిరీగ కొండి దిగేచోట కాళ్ళను నడిపించే నాడీకేంద్రాలు గుమిగూడి ఉంటాయి. ఫాబ్ర్ ఉక్కుపాళీ మొనతో అదే తావున అమ్మోనియా బొట్టు దింపి, ఆరోగ్యంగా ఉన్న పురుగుకు అదే పక్షవాతాన్ని కలిగించారు. 1855లో ప్రకటించిన ఈ పరిశోధనకు ఫ్రెంచి విజ్ఞాన సంస్థ బహుమతి ఇచ్చింది. ద్యుఫూర్ తన పొరపాటును వేలెత్తి చూపిన యువకుని మనసారా అభినందించడం ఆ పెద్దమనిషి ఔదార్యానికి గుర్తు.

కందిరీగ ఇంత నేర్పుతో చేసే పనిని తెలిసి చేస్తుందా? ఫాబ్ర్‌ను జీవితమంతా వెంటాడిన ప్రశ్న ఇదే. ఇలకోడిని వేటాడే స్ఫెక్స్ అనే మరొక కందిరీగ తన ఎరను గూటి వాకిట దించి, లోపలికి ఒంటరిగా పోయి చూసి, తరువాతనే ఎరను లాగుకొనిపోతుంది. అది లోపలున్నప్పుడు ఫాబ్ర్ ఇలకోడిని కొంచెం దూరం జరిపారు. కందిరీగ బయటకు వచ్చి, ఎరను వెదకి తెచ్చి, మళ్ళీ వాకిట దించి, మళ్ళీ ఒంటరిగా లోపలికి వెళ్ళింది. ఆయన మళ్ళీ జరిపారు. నలభై సార్లు జరిపినా అది ఆ తనిఖీని మానలేదు. ఈ ప్రయోగం జగత్ప్రసిద్ధమైంది. దీనికి మిగిలిన సగం మాత్రం అంతగా ప్రచారం కాలేదు. మరొక చోట నివసించే అదే జాతి కందిరీగలు రెండు మూడు సార్లకే మోసం కనిపెట్టి, ఎరను తిన్నగా లోపలికి ఈడ్చుకొనిపోయాయి. తన సిద్ధాంతానికి అడ్డువచ్చే ఈ సంగతిని దాచకుండా ఫాబ్ర్ తానే రాసిపెట్టారు.

పేరు వచ్చింది గాని కూడు రాలేదు. అవిన్యోన్‌లో ఏడాది జీతం 1600 ఫ్రాంకులు. దాదాపు పద్దెనిమిదేళ్ళ కాలం అది పెరగలేదు. ప్రైవేటు పాఠాలు చెప్పక తప్పలేదు. విశ్వవిద్యాలయంలో బోధించే కోరిక ఉన్నప్పటికీ, సొంత ఆస్తి లేనివాడు ఆ పదవిలో నెగ్గుకురాలేడని ఒక పర్యవేక్షణాధికారి ముఖాముఖి చెప్పారు. అప్పుడు ఫాబ్ర్ రంగుల రసాయనం వైపు మళ్ళారు. మన మంజిష్ఠకు దగ్గరి బంధువైన ఒక మొక్క వేళ్ళ నుండి ఎర్రరంగు తీయడం ఆ ప్రాంతపు పెద్ద పరిశ్రమ. దానిని శుద్ధిగా తీసే విధానం కనిపెట్టి 1860లో హక్కుపత్రాలు పొందారు. ఏళ్ళ శ్రమ ఫలించబోయే తరుణంలో, 1868-69లో, జర్మనీ రసాయనవేత్తలు అదే రంగును కృత్రిమంగా తయారుచేశారు. ఆ పంట, దానితోపాటు ఫాబ్ర్ ఆశ, రెండూ నేలమట్టమయ్యాయి.

ఈ కాలంలోనే, 1865లో, లూయీ పాశ్చర్ ఆయన ఇంటికి వచ్చారు. పట్టుపురుగుల తెగులును అరికట్టే బాధ్యతను ప్రభుత్వం పాశ్చర్‌కు అప్పగించింది. పట్టుగూటిని చెవి దగ్గర ఊపి, లోపల ఏదో ఉన్నట్లుందే అని ఆశ్చర్యపడిన ఆ మహాశాస్త్రవేత్తకు, గూటిలో ఉండే కోశస్థ దశ గురించి ఫాబ్ర్ మొదటి పాఠం చెప్పవలసివచ్చింది. పురుగుల గురించి ఏమీ తెలియకుండానే ఆ తెగులును జయించడానికి పూనుకొన్న పాశ్చర్ ధైర్యాన్ని ఫాబ్ర్ ఎప్పుడూ మెచ్చుకొనేవారు.

విద్యాశాఖ మంత్రి విక్టర్ ద్యురుయీ ఆయనకు గౌరవ పతకం ఇప్పించారు. ఆ మంత్రి సంస్కరణలలో భాగంగా పెద్దలకూ, ఆడపిల్లలకూ సాయంకాలం ఉచితంగా విజ్ఞాన పాఠాలు చెప్పే ఏర్పాటు జరిగింది. ఫాబ్ర్ పాఠాలకు జనం విరగబడ్డారు. ఆడపిల్లలున్న సభలో పువ్వు ఎట్లా కాయ అవుతుందో వివరించడం కొందరి కంట పడింది. నిందలు మొదలయ్యాయి. మంత్రి పదవి కోల్పోయారు. ఫాబ్ర్ అద్దెకున్న ఇంటి యజమానులు వెంటనే ఖాళీ చేయమన్నారు. చేతిలో కాగితపు ఒప్పందం లేదు, ఖర్చుకు డబ్బు లేదు. ఆ ఆపదలో ఆదుకున్నవారు ఆంగ్ల తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్. భార్య సమాధి అవిన్యోన్‌లో ఉన్నందున మిల్ అక్కడే ఎక్కువ కాలం గడుపుతూ, ఫాబ్ర్‌తో కలిసి మొక్కలు సేకరించేవారు. కబురందగానే ఏ పత్రమూ కోరకుండా 3000 ఫ్రాంకులు పంపించారు. ఫాబ్ర్ 1870 ప్రాంతంలో ఉద్యోగం వదిలి ఒరాంజ్ పట్టణానికి తరలి, పాఠ్యపుస్తకాలు రాసి, ఆ అప్పును పూర్తిగా తీర్చారు. ఆ పుస్తకాలే తొమ్మిదేళ్ళు ఇంటిల్లిపాదినీ పోషించాయి.

ఆ కాలపు పెద్ద దుఃఖం 1877లో వచ్చింది. తనతోపాటు పురుగుల వెంట తిరిగిన కుమారుడు జ్యూల్ పదహారవ ఏట మరణించాడు. తాను కొత్తగా గుర్తించిన కందిరీగలు కొన్నింటికి ఆ తండ్రి కొడుకు పేరు పెట్టుకొన్నారు.

1879లో సెరిన్యాఁ గ్రామం అంచున సుమారు హెక్టారు రాళ్ళనేలను ఫాబ్ర్ కొనగలిగారు. ఆ ప్రాంతపు భాషలో అటువంటి బీడును ఆర్మాస్ అంటారు. ఆయన ఇంటికీ అదే పేరు స్థిరపడింది. దున్నడానికి పనికిరాని ముళ్ళపొదల నేల, పురుగులకు స్వర్గం. అప్పటికి ఆయన వయసు 55. మామూలు మనిషి విశ్రాంతి కోరే వయసులో ఆయన అసలు పని ఆరంభమైంది. కీటకాల జ్ఞాపకాల సంపుటాలు పది, 1879 నుండి 1907 వరకు వెలువడ్డాయి. అవన్నీ చేతిరుమాలంత బల్ల మీద రాసినవే.

తాపీపని తేనెటీగలు దూరదేశం నుండి ఇల్లు ఎట్లా చేరుకుంటాయన్నది ఆయనను వేధించిన సమస్యలలో ఒకటి. ఈగలకు రంగుసుద్ద గుర్తులు పెట్టి, కాగితపు పొట్లాలలో నాలుగు కిలోమీటర్లు మోసుకొనిపోయి వదిలారు. కుమార్తె అగ్లాయె గూళ్ళ దగ్గర కాపలా ఉండి, తిరిగివచ్చినవాటిని లెక్కించింది. ఛార్లెస్ డార్విన్ ఈ సంగతి చదివి ఉత్తరం రాశారు. ఈగలను డబ్బాలో పెట్టి వ్యతిరేక దిక్కుకు తీసుకొనిపోయి, గిరగిర తిప్పి, ఆపైన వదిలితే వాటి దిక్కుల జ్ఞానం చెదురుతుందేమో చూడమని సలహా. ఫాబ్ర్ అట్లాగే డబ్బాను తాడుకు కట్టి దారిపొడవునా తిప్పారు. పొలాల నడుమ డబ్బా తిప్పుతూ తనలో తాను గొణుగుకుంటున్న ముసలివానిని చూసి పల్లెవాసులు ఏమనుకున్నారో ఊహించుకోవచ్చు. తిప్పినవైనా తిప్పనివైనా సుమారు మూడింట ఒక వంతు ఈగలు ఇల్లు చేరాయి. ఈగ వీపుపై అయస్కాంతపు ముక్క అంటించి చూడటం మరొక సలహా. ఈగ నేలపై పొర్లాడి గిలగిలలాడింది. అయస్కాంతమే కారణమని సంతోషించకుండా ఫాబ్ర్ ఈసారి గడ్డిముక్క అంటించారు. ఈగ మళ్ళీ అట్లాగే పొర్లాడింది. ఆ ఒక్క గడ్డిముక్కలో ఆయన శాస్త్రీయ దృష్టి అంతా కనిపిస్తుంది. ఫలితాలను పూర్తిగా వివరించేలోపే, 1882లో, డార్విన్ పరమపదించారు. పరిణామవాదాన్ని ఫాబ్ర్ తుదివరకు అంగీకరించలేదు. ఆ విషయంలో కాలం ఆయన పక్షాన నిలవలేదు. ఇద్దరి మధ్య గౌరవం మాత్రం చెదరలేదు.

మే నెలలో ఒక ఉదయం, ఐరోపాలోకెల్లా పెద్దదైన నెమలికన్నుల రాత్రి చిలుక, ఆడది, ఆయన బల్ల మీది గూటి నుండి వెలువడింది. దానిని ఇనుపవల మూత కింద ఉంచారు. రాత్రి తొమ్మిది గంటల వేళ ఇంట్లో పెద్ద అలజడి. పిట్టలంత చిలుకలు గదినిండా ఎగురుతున్నాయని చిన్న కొడుకు కేకలు పెట్టాడు. మబ్బుపట్టిన చీకటిలో, చెట్ల అడ్డాలను దాటుకొని, సుమారు నలభై మగ చిలుకలు ఆ ఒక్క ఆడదాని కోసం వచ్చాయి. ఎనిమిది రాత్రులలో వాటి సంఖ్య నూటయాభైకి చేరింది. వాటిని రప్పించినదేమిటి? చూపా? చప్పుడా? వాసనా? గదినిండా కలరా ఉండల వంటి ఘాటైన మందు వాసన నింపి చూశారు. అయినా చిలుకలు వచ్చాయి. ఆడదానిని గాలి చొరని పెట్టెలో మూస్తే ఒక్కటీ రాలేదు. మూత కొంచెం సందు వదిలితే వచ్చాయి. సమస్య ముడి విడలేదు.

ఆ ముడి విప్పినది మరొక చిలుక. పగటిపూట తిరిగే ఆ జాతి గూటిని ఏడేళ్ళ కుర్రవాడొకడు తెచ్చి ఇచ్చాడు. ఫాబ్ర్ ఆ ఆడ చిలుకను ఎండ పడే కిటికీ దగ్గర గాజుమూత కింద అందరికీ కనిపించేటట్లు ఉంచి, అంతకుముందు అది విశ్రమించిన ఇసుకపళ్ళెంతోపాటు ఖాళీ వలమూతను గదిలో మరొక చీకటి మూలకు నెట్టారు. లోనికి వచ్చిన మగ చిలుకలు కళ్ళెదుట ఉన్న ఆడదానిని కన్నెత్తి చూడకుండా ఖాళీ వలమూత మీద వాలి, సాయంకాలం వరకు దానినే పట్టుకొని వేలాడాయి. ఆడది తాకిన ఓక్ కొమ్మ కూడా వాటికి అంతే ఆకర్షణీయమైంది. మనిషి ముక్కుకు అందని వాసనయే వాటిని రప్పిస్తోందని తేలింది.

పైన్ చెట్ల గొంగళిపురుగులు ఒకదాని వెనుక ఒకటి తల తోకకు ఆనించి, దారిలో పట్టుదారం పరచుకుంటూ నడుస్తాయి. 1896 జనవరి చివరిలో అటువంటి దండొకటి పెద్ద కుండీ అంచు మీదికి ఎక్కింది. చుట్టు పూర్తికాగానే ఫాబ్ర్ మిగిలిన పురుగులను తొలగించి, పైకి వచ్చిన దారాన్ని తుడిచివేశారు. ముందు నడిచేది లేదు, వెనుక వచ్చేది లేదు. అలసినా, ఆకలివేసినా, చలికి ముడుచుకున్నా, ఆ వలయం ఏడు రోజులు తెగలేదు. ఆయన లెక్క ప్రకారం మొత్తం నడక 84 గంటలు, ప్రదక్షిణాలు 335, దూరం 453 మీటర్లు. ఎనిమిదవ రోజున, అలసటతో వరుస చెదరినందువల్ల, అవి కిందికి దిగే దారి కనుగొన్నాయి.

మన ఊళ్ళలో పేడపురుగును చూడనివారు ఉండరు. దీని రహస్యానికి ఫాబ్ర్ దాదాపు నలభై ఏళ్ళు కాచుకున్నారు. అది దొర్లించే ఉండలోనే గుడ్డు ఉంటుందని పూర్వులు రాశారు. ఆయన ఎన్ని ఉండలు విప్పినా గుడ్డు లేదు. చివరకు గొర్రెల కాపరి కుర్రవాడు నేలలో నుండి తవ్వి తెచ్చిన బేరిపండు ఆకారపు ముద్దలో అది దొరికింది. సన్నని మెడభాగంలో గుడ్డు, కింద పిల్లకు తిండి. ఫాబ్ర్ ఆ ముద్దకు చిల్లి పెడితే లోపలి పిల్లపురుగు తన మలంతోనే నిమిషాలలో చిల్లి పూడ్చింది. వేసవి ఎండకు ముద్ద రాయిలా గట్టిపడుతుంది. ఎదిగిన పురుగు దానిని ఎట్లా బద్దలుకొడుతుంది? కొన్ని ముద్దలను పొడిగా ఉంచారు, కొన్నింటికి తడిగుడ్డ చుట్టారు. పొడివాటిలోని పురుగులు గోకి గోకి లోపలే చచ్చాయి. తడిసినవి పెంకు పగలగొట్టుకొని బయటపడ్డాయి. వాన కురిస్తేనే వాటికి జన్మ అన్నమాట. తొలకరి కోసం ఎదురుచూసే మన రైతుకు ఈ సంగతి వేరుగా వివరించనక్కరలేదు.

ఆయన ప్రతిసారీ గెలవలేదు. చెట్ల మీద రొదచేసే సికాడా అనే కీచురాయికి వినికిడి ఉందో లేదో తేల్చడానికి, ఊరి ఉత్సవాలలో కాల్చే ఫిరంగులను అరువు తెచ్చి ఇంటి ముందు చెట్ల కింద పేల్చారు. పాట ఆగలేదు. అవి చెవిటివని ఫాబ్ర్ నిర్ణయించారు. వాటికి వినికిడి ఉందనీ, తమ జాతి పాటకు తగిన స్వరాలనే అవి బాగా వింటాయనీ తరువాతి పరిశోధకులు నిరూపించారు. ప్రశ్న మంచిదే, ఎన్నుకున్న చప్పుడే తప్పు.

1885లో భార్య మరణించింది. రెండేళ్ళకు మళ్ళీ పెండ్లాడిన ఫాబ్ర్‌కు మరి ముగ్గురు పిల్లలు కలిగారు. పాఠ్యపుస్తకాలను బడులు వాడటం మానడంతో ఆదాయం తగ్గింది. పుట్టగొడుగులకు తాను వేసిన వందలాది రంగుచిత్రాలను అమ్ముకుందామని ఆలోచించేంత వరకు వచ్చింది. కవి మిస్త్రాల్ మొదలైన మిత్రులు ఆయన స్థితిని లోకానికి తెలియజేశారు. 1910 ఏప్రిల్‌లో ఆర్మాస్‌లో ఘనమైన సన్మానం జరిగింది. నోబెల్ సాహిత్య పురస్కారానికి ఆయన పేరు ప్రతిపాదనకు వచ్చింది గాని దక్కలేదు. 1913లో దేశాధ్యక్షుడు పోంకారే స్వయంగా వచ్చి దర్శించారు. అప్పటికి ఆయన నడవలేని స్థితిలో ఉన్నారు. ప్రపంచ యుద్ధం సాగుతున్న 1915 అక్టోబరు 11న, 91వ ఏట, ఫాబ్ర్ తన ఇంటిలోనే కన్నుమూశారు. 1922లో ప్రభుత్వం ఆర్మాస్‌ను కొని ప్రకృతిశాస్త్ర మ్యూజియానికి అప్పగించింది.

ఆయన గదిలో మగ చిలుకలు పట్టుకొని వేలాడిన ఆ ఖాళీ వలమూత కథకు ముగింపు 1959లో వచ్చింది. జర్మనీ రసాయనవేత్త బుటెనాంట్ తన సహచరులతో కలిసి, రెండు దశాబ్దాలపాటు శ్రమించి, సుమారు అయిదు లక్షల ఆడ పట్టుచిలుకల నుండి కొద్ది మిల్లీగ్రాముల పదార్థాన్ని వేరుచేసి, మగ చిలుకలను పిలిచే వాసన అదేనని తేల్చారు. దానికి బాంబికాల్ అని పేరుపెట్టారు.